'డిడ్ వెంట్', 'వాజ్ కంప్లీటెడ్' నోటికెందుకు వస్తాయి? సింపుల్ పాస్ట్ గురించి వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తెలుగు మీడియంలో చదివి డిగ్రీ పూర్తి చేశారు. వి1, వి2, వి3 (గో, వెంట్, గాన్ లాంటి క్రియ మూడు రూపాలు) పట్టిక కంఠతా వచ్చు. పరీక్షలో ఖాళీలు పూరించమంటే తప్పు పోదు. కానీ ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే 'ఐ డిడ్ వెంట్', 'ఐ వాజ్ కంప్లీటెడ్' అని వచ్చేస్తోంది. సింపుల్ పాస్ట్ అసలు ఎలా తయారవుతుంది, 'వెంట్' ఎక్కడ వాడాలి, 'హ్యావ్ గాన్' ఎక్కడ వాడాలి అన్నది మీ సందేహం.

చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ రెండు తప్పులూ ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను, అదీ బాగా చదివే పిల్లల నోటే. పట్టిక రాక కాదు ఇలా జరిగేది. మనం తెలుగు మాట్లాడే తీరులోంచే ఈ తప్పులు పుడుతున్నాయి. ఎక్కడ పుడుతున్నాయో ఒకసారి చూస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ముందు 'డిడ్', 'వాజ్' సంగతి చూద్దాం. మన రోజువారీ తెలుగులో ఇంగ్లిష్ క్రియలు ఎన్నో కలిసిపోయాయి. అవి ఒంటరిగా రావు. వెనక 'చేశాను' అనో 'అయ్యాను' అనో తోడుంటుంది. అప్లై చేశాను, కాల్ చేశాను, డౌన్‌లోడ్ చేశాను. జాయిన్ అయ్యాను, పాస్ అయ్యాను, షిఫ్ట్ అయ్యాం. ఇదే మాట ఇంగ్లిష్‌లో చెప్పబోతే ఆ 'చేశాను' కాస్తా 'డిడ్' అవుతుంది, 'అయ్యాను' కాస్తా 'వాజ్' అవుతుంది. 'ఐ డిడ్ అప్లై', 'ఐ వాజ్ జాయిన్డ్', 'ఐ వాజ్ పాస్డ్' అలా వచ్చినవే. ఇంగ్లిష్‌లో ఆ క్రియకు తోడు అక్కర్లేదు. కాలం గుర్తు దానిమీదే పడుతుంది: 'ఐ అప్లైడ్', 'ఐ కాల్డ్', 'ఐ జాయిన్డ్', 'ఐ పాస్డ్', 'వి షిఫ్టెడ్'. తెలుగు వాక్యంలో ఇంగ్లిష్ క్రియ పక్కన 'చేశాను', 'అయ్యాను' ఉన్నాయంటే, ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు వాటిని పూర్తిగా వదిలేయండి.

'ఐ డిడ్ అప్లై' వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ అర్థం వేరు. 'మీరు అసలు అప్లై చేయలేదు కదా' అని ఎవరైనా అంటే, 'లేదండీ, చేశాను' అని నొక్కి చెప్పడానికి అది పనికొస్తుంది. మామూలుగా విషయం చెప్పేటప్పుడు వాడితే ఎదుటివాళ్ళకు మీరు వాదిస్తున్నట్టు వినిపిస్తుంది.

'వాజ్' తర్వాత వి3 వచ్చే చోటు ఒకటుంది. పని మీరు చేయకుండా, మీ మీద ఇంకొకరు చేస్తే అక్కడ వస్తుంది. 'ఐ వాజ్ సెలెక్టెడ్' సరైనదే, ఎందుకంటే సెలెక్ట్ చేసింది కంపెనీ. 'ఐ వాజ్ బార్న్ ఇన్ గుంటూరు' కూడా అంతే. కానీ డిగ్రీ పూర్తి చేసింది మీరు, ఉద్యోగంలో చేరింది మీరు. కాబట్టి 'ఐ కంప్లీటెడ్', 'ఐ జాయిన్డ్'. 'ఐ యామ్ కంప్లీటెడ్' అన్నా అదే తప్పు.

ఇక 'డిడ్ వెంట్'. ఇక్కడ ఒకే ఒక్క సూత్రం పట్టుకోండి: ఒక క్రియకు భూతకాలం గుర్తు ఒక్కచోటే పడుతుంది. 'డిడ్' వచ్చిందంటే గుర్తు దానిమీద పడిపోయింది, అసలు క్రియ మళ్ళీ మామూలు రూపానికి వచ్చేస్తుంది. ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విషయమేమీ కాదు, మన తెలుగులో ఉన్నదే. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, వాళ్ళు వచ్చారు అంటాం. వీటికి 'లేదు' కలపండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు. 'లేదు' రాగానే 'వచ్చా' పోయి 'రా' మిగిలింది. మనిషిని బట్టి మారే చివర్లు కూడా పోయాయి. 'వచ్చాలేదు' అని మనలో ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లో 'డిడ్‌న్ట్ కమ్' అచ్చం ఇలాగే పనిచేస్తుంది. 'డిడ్‌న్ట్ కేమ్' అనడం 'వచ్చాలేదు' అన్నంత వింతగా వాళ్ళ చెవికి వినిపిస్తుంది. 'ఐ డిడ్‌న్ట్ గో', 'షి డిడ్‌న్ట్ టెల్ మి', 'వి డిడ్‌న్ట్ హ్యావ్ టైమ్' అని బిగ్గరగా అనండి, అంటూ మనసులో వెళ్ళలేదు, చెప్పలేదు అనుకోండి.

ప్రశ్నల్లో మాత్రం తెలుగు మనకు సాయం చేయదు. 'వచ్చావు' చివర దీర్ఘం తీస్తే 'వచ్చావా' అయిపోతుంది, క్రియ భూతకాలంలోనే ఉంటుంది. 'డిడ్ యు కేమ్?' అన్న తప్పు ఇక్కడినుంచే వస్తుంది. కాబట్టి ప్రశ్నలకు విడిగా సాధన కావాలి: 'డిడ్ యు కమ్?', 'వేర్ డిడ్ యు గో?', 'వై డిడ్ హి లీవ్?'. ఎవరు చేశారు, ఏం జరిగింది అని కర్తనే అడిగే ప్రశ్నలకు 'డిడ్' అక్కర్లేదు. 'హూ కేమ్?', 'వాట్ హ్యాపెన్డ్?' అంతే. 'వాట్ డిడ్ హ్యాపెన్?' అని చాలామంది అంటారు, మామూలు ప్రశ్నగా అది నప్పదు.

'ఉండు' అన్న అర్థమిచ్చే 'బి' క్రియ దారి వేరు. 'డిడ్' దాని దగ్గరికి రాదు. 'నేను నిన్న ఆఫీసులో లేను' అంటే 'ఐ వాజ్‌న్ట్ ఇన్ ది ఆఫీస్ యెస్టర్‌డే'. 'ఐ డిడ్‌న్ట్ దేర్' అనకూడదు. ఐ, హి, షి, ఇట్‌లకు 'వాజ్', యు, వి, దేలకు 'వర్'. సింపుల్ పాస్ట్‌లో మనిషిని బట్టి మారే క్రియ ఇదొక్కటే. తక్కినవన్నీ 'ఐ' నుంచి 'దే' దాకా ఒకే రూపంలో ఉంటాయి. ఆరేడు చివర్లు అలవోకగా వాడే మనకు ఇది నిజంగా తేలిక.

తయారయ్యే తీరు చూద్దాం. మామూలు క్రియలకు చివర ఈ-డీ చేరుతుంది. రాతలో నాలుగు చిన్న విషయాలు చూసుకుంటే చాలు. ముందే ఈ ఉంటే డీ ఒక్కటే చేరుతుంది. హల్లు తర్వాత వై ఉంటే అది ఐ అవుతుంది, అందుకే 'స్టడీడ్'లో వై కనిపించదు, 'ప్లేడ్'లో కనిపిస్తుంది. 'స్టాప్', 'ప్లాన్' లాంటి పొట్టి మాటల్లో చివరి అక్షరం రెండుసార్లు వస్తుంది. పొడుగు మాటల్లో పలికేటప్పుడు నొక్కు (స్ట్రెస్) చివర పడితే రెండు, ముందు పడితే ఒకటి. 'ప్రిఫర్డ్'లో రెండు ఆర్‌లు, 'విజిటెడ్'లో ఒకే టీ. 'ట్రావెల్డ్' బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లతో, అమెరికన్ పద్ధతిలో ఒక ఎల్‌తో రాస్తారు. దేన్ని పాటించినా ఒక రాతలో ఒకటే పాటించండి.

రాత కన్నా పలకడం దగ్గరే ఎక్కువ నష్టపోతున్నారు. ఈ-డీకి మూడు ధ్వనులున్నాయి. గొంతు మీద వేలు పెట్టుకుని మూల క్రియ చివరి ధ్వనిని పలకండి. గొంతు అదిరితే 'డ్': కాల్డ్, జాయిన్డ్, ప్లేడ్, లివ్డ్. అదరకపోతే 'ట్': వర్క్ట్, ఆస్క్ట్, హెల్ప్ట్, వాచ్ట్, ఫినిష్ట్. చివరి ధ్వని టీ గానీ డీ గానీ అయితేనే అదనంగా ఒక అక్షరం పలుకుతుంది: వాంటెడ్, స్టార్టెడ్, నీడెడ్, డిసైడెడ్. 'వాకెడ్', 'ఆస్కెడ్', 'వర్కెడ్' అని పలకడం అక్షరాలు చూసి నేర్చుకున్న అలవాటు, మానుకోవాలి.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర రెండు మూడు హల్లులు గుమిగూడితే మన నాలుక చివరిదాన్ని మింగేస్తుంది. మీరు మనసులో 'వర్క్ట్' అనుకుని బయటికి 'ఐ వర్క్ దేర్' అంటారు. ఇంటర్వ్యూ చేసేవారికి మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు వినిపిస్తుంది. వెంటనే 'నోటీస్ పీరియడ్ ఎంత?' అని అడుగుతారు, మీరు కంగారు పడతారు. దీనికి ఉపాయం: పక్క మాట అచ్చుతో మొదలైతే చివరి 'ట్'ని దానికి అంటించి పలకండి. 'వర్క్ట్ ఇన్' అన్నది 'వర్క్-టిన్' లాగా, 'ఆస్క్ట్ అబౌట్' అన్నది 'ఆస్క్-టబౌట్' లాగా. అలా పలికితే చివరి ధ్వని పోదు.

ఈ-డీ తీసుకోని క్రియలు ఎందుకున్నాయని కొందరు అడుగుతుంటారు. పాత ఇంగ్లిష్‌లో లోపలి అచ్చు మార్చి భూతకాలం చేసే క్రియలు చాలా ఉండేవి. కాలక్రమంలో వాటిలో ఎన్నో ఈ-డీలోకి వచ్చేశాయి. జనం రోజూ నోట నానే మాటలు మాత్రం పాత రూపాన్నే నిలబెట్టుకున్నాయి. అందుకే బి, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్, కమ్, సీ అన్నీ పట్టికలోవే. 'వెంట్' అయితే అసలు 'గో'ది కాదు, 'వెండ్' అన్న వేరే క్రియ భూతకాలం. ఇప్పుడు కొత్తగా పుట్టే క్రియ ఏదైనా ఈ-డీలోకే వస్తుంది, 'గూగుల్డ్' లాగా. కాబట్టి మీకు తెలియని అరుదైన క్రియ ఎదురైతే ఈ-డీ పెట్టేయండి, చాలాసార్లు సరిపోతుంది.

పట్టికను అక్షరక్రమంలో కాకుండా ధ్వని కుటుంబాలుగా నేర్చుకోండి. బై–బాట్, బ్రింగ్–బ్రాట్, థింక్–థాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్ ఒక కుటుంబం. 'బాట్' కొనడం, 'బ్రాట్' తేవడం, ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్, లీవ్–లెఫ్ట్, మీట్–మెట్, ఫీల్–ఫెల్ట్ ఇంకోటి. 'రీడ్' కూడా ఇందులోదే, రాసేది ఒకలాగే, పలికేది మాత్రం 'రెడ్'. సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్, లెండ్–లెంట్. రైట్–రోట్, డ్రైవ్–డ్రోవ్, స్పీక్–స్పోక్, బ్రేక్–బ్రోక్. డ్రింక్–డ్ర్యాంక్, సింగ్–స్యాంగ్, బిగిన్–బిగ్యాన్. పుట్, కట్, హిట్, కాస్ట్, హర్ట్ అసలు మారవు. 'ఫాల్'కి 'ఫెల్', 'ఫీల్'కి 'ఫెల్ట్', 'ఫిల్'కి 'ఫిల్డ్', వీటిని పక్కపక్కన పెట్టి చదవండి. అలాగే 'ఫైండ్'కి 'ఫౌండ్', కానీ స్థాపించడం అనే అర్థంలో 'ఫౌండ్'కి 'ఫౌండెడ్': 'ఎన్.టి. రామారావు ఫౌండెడ్ ది తెలుగుదేశం పార్టీ ఇన్ 1982'.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, 'వెంట్'ఆ 'హ్యావ్ గాన్'ఆ. తెలుగులో 'చూశాను' అన్న ఒక్క రూపం రెండు పనులూ చేస్తుంది కాబట్టి మనకు ఈ తేడా కనిపించదు. వాక్యాన్ని 'ఎప్పుడు?' అని అడగండి. జరిగిపోయిన ఫలానా సమయం వాక్యంలో ఉన్నా, ఇద్దరి మనసులో ఉన్నా సింపుల్ పాస్ట్ తప్ప వేరే దారి లేదు. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టూ డేస్ అగో, వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఇవి ఉన్నచోట 'హ్యావ్' పనికిరాదు. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' తప్పు, 'ఐ సా హిమ్ యెస్టర్‌డే' ఒప్పు. చరిత్ర చెప్పేటప్పుడూ అంతే: 'పి.వి. నరసింహారావు బికేమ్ ప్రైమ్ మినిస్టర్ ఇన్ 1991', 'తెలంగాణ బికేమ్ ఎ స్టేట్ ఇన్ 2014'. 'రెండు రోజుల ముందు' అని మనం అంటాం కాబట్టి 'బిఫోర్ టూ డేస్' అని వచ్చేస్తుంది. ఇప్పటినుంచి వెనక్కి లెక్కపెడితే అది ఎప్పుడూ 'టూ డేస్ అగో'.

సమయం ముఖ్యం కానప్పుడు, పని ఫలితం ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉన్నప్పుడు 'హ్యావ్' వస్తుంది. మామూలు సంభాషణలో రెండూ ఒకదాని వెనక ఒకటి ఎలా వస్తాయో చూడండి. 'హ్యావ్ యు ఎవర్ బీన్ టు తిరుపతి?' 'యెస్, ఐ హ్యావ్. ఐ వెంట్ లాస్ట్ ఇయర్. వి స్టేడ్ ఫర్ టూ డేస్.' మాట మొదలైంది 'హ్యావ్'తో. వివరాల్లోకి దిగగానే అంతా సింపుల్ పాస్టే. ఇంటర్వ్యూలో మీకు ఎక్కువగా కావలసింది ఈ రెండో భాగం. అయితే ఒక్కచోట జాగ్రత్త. 'ఐ వర్క్ట్ దేర్ ఫర్ ఎ ఇయర్' అంటే మానేశారని. 'ఐ హ్యావ్ వర్క్ట్ హియర్ ఫర్ ఎ ఇయర్' అంటే ఇంకా ఉన్నారని. ఈ తేడా మీ అనుభవం లెక్కనే మార్చేస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు 'డిడ్ యు ఈట్ యెట్?' అనడం వింటుంటారు. బ్రిటిష్ పద్ధతిలో అది 'హ్యావ్ యు ఈటెన్ యెట్?' అవుతుంది. అమెరికన్ మాటలో రెండూ చెల్లుతాయి, దాని గురించి బెంగ వద్దు.

తెలుగులో భూతకాలం కనిపించగానే ఇంగ్లిష్‌లో భూతకాలం పెట్టేయకూడదు. 'అర్థమైంది' అంటే 'ఐ అండర్‌స్టాండ్'. 'టైమ్ అయింది' అంటే 'ఇట్స్ టైమ్'. 'తలనొప్పి వచ్చింది' అంటే 'ఐ హ్యావ్ ఎ హెడేక్'. 'పెళ్ళయిందా?' అంటే 'ఆర్ యు మ్యారీడ్?', ఇక్కడ 'కంప్లీటెడ్' ఊసే ఉండదు. ఫోన్లో 'ఇదిగో వచ్చేశా, రెండు నిమిషాలు' అంటాం. ఇంగ్లిష్‌లో అది 'ఐ యామ్ ఆల్మోస్ట్ దేర్'. ఇంకా రాని మనిషి 'ఐ కేమ్' అనలేడు. మన క్రియ జరిగిపోయిన సమయం కన్నా ఏర్పడిన స్థితిని చెబుతుంది. ఆ స్థితి ఇప్పుడు ఉంటే ఇంగ్లిష్ ఎక్కువగా వర్తమానమే అడుగుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు కూడా ఉంది, పుస్తకాల్లో దీన్ని పెద్దగా చెప్పరు. తెలుసు, తెలియదు, ఇష్టం, కావాలి, వీటికి తెలుగులో కాలం గుర్తు ఉండదు. 'నాకు అప్పుడు తెలియదు' అంటాం, 'చిన్నప్పుడు నాకు లెక్కలంటే ఇష్టం' అంటాం. ఆ లెక్కన 'ఐ డోన్ట్ నో ఎట్ దట్ టైమ్', 'ఐ లైక్ మ్యాథ్స్ ఇన్ స్కూల్' అని వచ్చేస్తాయి. ఇంగ్లిష్‌లో గుర్తు తప్పనిసరి: 'ఐ డిడ్‌న్ట్ నో', 'ఐ లైక్డ్', 'ఐ వాంటెడ్'. 'ఐ వాజ్ నోయింగ్' మాత్రం వద్దు.

'హ్యాడ్' గురించి ఒక్క మాట. 'ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్‌డే' అనడం మనదేశంలో బాగా అలవాటు. ఒకే సంఘటన చెప్పేటప్పుడు దాని అవసరం లేదు, 'ఐ వెంట్' చాలు. 'నేను స్టేషన్‌కి వెళ్ళేసరికే ట్రైన్ వెళ్ళిపోయింది' అన్నట్టు రెండింట్లో ఏది ముందో చూపాల్సి వస్తేనే 'ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్'.

పిల్లలు రాసి తెచ్చే సెల్ఫ్ ఇంట్రడక్షన్లు దాదాపు ఇలా ఉంటాయి. 'ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022. ఆఫ్టర్ దట్ ఐ వాజ్ జాయిన్డ్ ఇన్ ఎ ప్రైవేట్ కంపెనీ. ఐ వాజ్ వర్క్ దేర్ వన్ ఇయర్. బిఫోర్ టూ మంత్స్ ఐ హ్యావ్ లెఫ్ట్ దట్ జాబ్ బికాజ్ ఐ డిడ్‌న్ట్ గాట్ గ్రోత్.' పై విషయాలు పెట్టి సరిచేస్తే: 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022. దెన్ ఐ జాయిన్డ్ ఎ ప్రైవేట్ కంపెనీ అండ్ వర్క్ట్ దేర్ ఫర్ ఎ ఇయర్. ఐ లెఫ్ట్ టూ మంత్స్ అగో బికాజ్ ఐ డిడ్‌న్ట్ సీ మచ్ గ్రోత్ దేర్.' రెండోది పొట్టిగా ఉంది, మాటలూ తేలికే. 'యామ్', 'వాజ్', 'హ్యావ్' ఎక్కడా లేవని గమనించండి. తడబాటు వచ్చినప్పుడు మనం మాటలు కలుపుతాం. సింపుల్ పాస్ట్ చాలాసార్లు తీసేయమంటుంది.

సాధన ఇలా చేయండి. క్రియను గో–వెంట్–గాన్ అని వరసగా వల్లించడం ఆపేయండి, మాటల్లో ఆ వరస ఎప్పుడూ రాదు. దాని బదులు ఒక్కో క్రియతో ఒక చిన్న సంభాషణ అనండి: 'డిడ్ యు గో?' 'యెస్, ఐ వెంట్.' 'డిడ్ రవి గో?' 'నో, హి డిడ్‌న్ట్ గో.' ప్రశ్నలో 'గో' విని జవాబులో 'వెంట్' అనడమే అసలు కష్టం, అది నాలుకకు అలవాటు కావాలి. మీరు రోజూ వాడే పాతిక ముప్ఫై క్రియలతో మొదలుపెట్టండి, పట్టిక మొత్తం అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది ఫోన్లో రికార్డు చేసుకుని, మర్నాడు వింటూ ఈ-డీ ధ్వని ఎక్కడ మింగేశారో చూసుకోండి.

ఇంటర్వ్యూ మధ్యలో 'ఐ డిడ్ వెంట్' అని జారితే అక్కడ ఆగి సారీ చెప్పకండి. 'ఐ వెంట్' అని ఒక్కసారి సరిచేసుకుని ముందుకు సాగిపోండి. తప్పును మీరే పట్టుకున్నారని అవతలివారికి అర్థమవుతుంది, వాక్యం కూడా తెగదు.